ఒక అంగుళం ముందు ఆగిపోయిన బుల్లెట్

మా బావ (అక్క మొగుడు) డాలస్ దగ్గర ఉంటాడు. పగలు డేటాబేసులు, వారాంతాల్లో ముగ్గురు స్నేహితులతో కలిసి కొన్న గ్యాస్ స్టేషన్. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి ఈ కథ కొత్తేం కాదు. పోయిన చలికాలంలో ఓ రాత్రి ఎవడో లోపలికొచ్చి, కౌంటర్ మీదుగా పిస్టల్ చూపించి, గల్లాపెట్టెలో ఉన్నది ఊడ్చుకుపోయాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కాకపోతే ఆ రాత్రి కౌంటర్ వెనకాల నిలబడ్డది మా బావే.

వారం తిరక్కుండా ఫోన్. "ఏం బావమరిదీ, నువ్వు ఇట్లాంటివన్నీ తెగ చదువుతావుగా. చొక్కా కింద పెట్టుకుని తిరిగే చిన్న పిస్టల్ ఒకటి తీసుకుందామనుకుంటున్నా. 380 అంటాడొకడు, 9 అంటాడొకడు, 40 అంటాడు ఇంకొకడు. షాపులో ముసలాయనైతే 45 కి తగ్గితే అది బొమ్మ తుపాకీ అన్నాడు. ఏది తీసుకోవాలి?"

అడగాల్సిన మనిషిని కాదు నేను. జీవితంలో ఒక్కసారి కూడా తుపాకీ పేల్చలేదు. పైగా నేనున్న హెచ్-1బి మీద, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. బావకి గ్రీన్ కార్డు వచ్చేసింది కాబట్టి ఆ గొడవ లేదు. సరే, కొనడం సంగతి ఆయన చూసుకుంటాడు, అసలు ఈ నాలుగు అంకెలు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో చూద్దామని కూర్చున్నాను. రెండు నెలలు పట్టింది. తీరా చూస్తే అది మన ఆఫీసుల్లో ఎప్పుడూ జరిగే కథే. ఒక పెద్ద అవుటేజ్, దాని మీద రూట్ కాజ్ అనాలిసిస్, ఆ రిపోర్టు చూసి ఖరీదైన మైగ్రేషన్, పాతికేళ్ళ తర్వాత చడీచప్పుడు లేకుండా రోల్‌బ్యాక్.

ముందు లెక్కలు. క్యాలిబర్ అంటే స్థూలంగా బుల్లెట్ వ్యాసం. .45 అంటే అంగుళంలో నూటికి 45 వంతులు, అంటే 11.4 మిల్లీమీటర్లు. .40 అంటే 10 మిల్లీమీటర్లు. ఇక .380 అన్నది పేరుకే 380. దాని బుల్లెట్ నిజానికి 9 మిల్లీమీటర్లే, 9 ఎం.ఎం. పారాబెల్లం బుల్లెట్ ఎంత లావో ఇదీ అంతే. తేడా అంతా వెనక ఉన్న ఇత్తడి గొట్టంలో ఉంది. 9 ఎం.ఎం. గొట్టం పొడవు 19 మిల్లీమీటర్లు, .380 ది 17. లోపలి మందు కూడా తక్కువ, ఒత్తిడి కూడా తక్కువ. బుల్లెట్ శక్తి ఇంచుమించుగా 9 ఎం.ఎం.కి 490 జౌళ్ళు, .40 కి 540, .45 కి 500, .380 కి దాదాపు అందులో సగం. (కంపెనీని బట్టి, బ్యారెల్ పొడవుని బట్టి మారుతుంది. నన్ను కోర్టుకి లాగకండి.) పై మూడింటి మధ్యా ఉన్న తేడా చూడండి. ముప్పై ఏళ్ళు జనం కొట్టుకు చచ్చింది ఆ కాస్తకే! పోలిక కోసం, మామూలు .223 రైఫిల్ బుల్లెట్ శక్తి 1,700 జౌళ్ళ దాకా ఉంటుంది.

దాచుకునే పిస్టల్ కథ జాన్ బ్రౌనింగ్ దగ్గర మొదలవుతుంది. తుపాకుల లోకంలో ఈయన మన యూనిక్స్ వాళ్ళ లాంటివాడు, ఎక్కడ తవ్వినా ఆయన డిజైనే తగులుతుంది. .25, .32, .380, .45 ఆటోమేటిక్ తూటాలు నాలుగూ ఆయనవే. .380 తో 1908లో కోల్ట్ కంపెనీ జేబు పిస్టల్ తెచ్చింది. చిన్న తూటాలతో ఉన్న సుఖమేంటంటే పిస్టల్ నిర్మాణం చాలా సింపుల్. పేలినప్పుడు వెనక్కి తన్నే గొట్టాన్ని ఆపడానికి స్లైడ్ బరువూ, ఒక స్ప్రింగూ చాలు. దీన్ని బ్లోబ్యాక్ అంటారు. 9 ఎం.ఎం. అయితే ఇది కుదరదు. స్లైడ్ మరీ బరువెక్కిపోతుంది. బ్యారెల్‌నీ స్లైడ్‌నీ ఓ క్షణం కలిపి లాక్ చేసి, ఒత్తిడి తగ్గాక విడదీసే ఏర్పాటు కావాలి. దానికి చోటు కావాలి. అందుకే 20వ శతాబ్దంలో ఎక్కువ భాగం జేబులో పెట్టుకునే తుపాకీ అంటే .25, .32, .380 పిస్టళ్ళు, లేదంటే 1950లో స్మిత్ అండ్ వెస్సన్ తెచ్చిన అయిదు గుళ్ళ .38 రివాల్వర్ లాంటివి. అంటే అప్పట్లో క్యాలిబర్‌ని మనిషి ఎంచుకునేవాడు కాదు, జేబే ఎంచుకునేది.

ఈ చిన్న తూటాల్ని తీసిపారేసేవాళ్ళకి రెండు తారీఖులు గుర్తు చేయాలి. 1914 జూన్ 28న సారాయెవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ని, ఆయన భార్య సోఫీని గవ్రిలో ప్రిన్సిప్ కాల్చింది .380 పిస్టల్‌తో. రెండే గుళ్ళు, గంట తిరక్కుండా ఇద్దరూ పోయారు, ఆ తర్వాత ప్రపంచమే తగలబడింది. 1948 జనవరి 30న బిర్లా హౌస్‌లో గాంధీజీ మీద పేలిన ఇటాలియన్ బెరెట్టా కూడా .380 దే. మూడు గుళ్ళు. కాబట్టి చిన్న క్యాలిబర్ ప్రాణం తీయదన్నది అబద్ధం. ప్రాణం తీయడం వేరు, ఎదురొస్తున్న మనిషిని అప్పటికప్పుడు ఆపడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే సగం గొడవ.

(మన దేశంలో అసలీ ప్రశ్నే పుట్టదు. 9 ఎం.ఎం. ప్రొహిబిటెడ్ బోర్, మామూలు లైసెన్సు మీద ఇవ్వరు. పోలీసులు, సైనికులు వాడే 9 ఎం.ఎం. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేస్తారు. లైసెన్సు దొరికిన మామూలు మనిషికి చేతి తుపాకీ అంటే ఎక్కువగా .32 యే. 2014లో కాన్పూర్ ఫ్యాక్టరీ ఆడవాళ్ళ కోసమని తెచ్చిన అరకిలో బరువున్న నిర్భీక్ రివాల్వర్ కూడా .32. అప్పట్లో దాని ధర లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు! మన దగ్గర క్యాలిబర్‌ని ఎంచుకునేది చట్టం.)

ఆపడం అన్న మాట ఫిలిప్పీన్స్ నుంచి వచ్చింది. 1900 ప్రాంతంలో అక్కడ మోరో యోధులతో పోరాడుతున్న అమెరికా సైనికులు, తమ .38 రివాల్వర్లతో కాల్చినా మనుషులు కత్తులు పట్టుకుని మీదికొస్తూనే ఉన్నారని మొత్తుకున్నారు. దాంతో 1904లో సైన్యం ఇద్దర్ని పురమాయించింది. ఒకరు ఆయుధాల విభాగం నుంచి థాంప్సన్, ఇంకొకరు వైద్య విభాగం నుంచి లగార్డ్. వీళ్ళు షికాగో కబేళాల్లో బతికున్న పశువుల మీద, వేలాడదీసిన మనిషి శవాల మీద రకరకాల బుల్లెట్లు పేల్చి చూశారు. శవం ఎంత ఊగింది అన్నది కూడా ఒక కొలత. ఇప్పుడు చదువుతుంటే కడుపులో తిప్పుతుంది, సైన్సుగా కూడా నిలబడదు. తేల్చింది మాత్రం .45 కి తగ్గకూడదని. అలా .45 ఏసీపీ, దానితో 1911 మోడల్ కోల్ట్. షాపులో ముసలాయన మాటకి పునాది ఇదే. అదే రిపోర్టులో ఇంకో మాట కూడా ఉంది, అది మాత్రం ఎవరూ చెప్పరు. మర్మస్థానంలో తగలకపోతే ఏ బుల్లెట్టయినా ఆపుతుందన్న నమ్మకం లేదని, కాబట్టి గురి చూసి కొట్టడం సైనికులకి ఎడతెరిపి లేకుండా నేర్పాలని.

ఇక అవుటేజ్ సంగతి.

1986 ఏప్రిల్ 11, పొద్దున తొమ్మిదిన్నర దాటింది. మయామీ శివార్లలో ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఒక నల్ల మాంటే కార్లో కారుని ఆపడానికి ప్రయత్నించారు. అందులో మైకేల్ ప్లాట్, విలియం మాటిక్స్. ఇద్దరూ మాజీ సైనికులు, బ్యాంకుల్నీ డబ్బు వ్యాన్లనీ దోచిన హంతకులు. కార్లు గుద్దుకుని ఆగాయి. ఆ గుద్దుకోవడంలో ఒక ఏజెంట్ రివాల్వర్ చేజారి పోయింది. జట్టులో గొప్ప గురి ఉన్న బెన్ గ్రోగన్ కళ్ళజోడు ఎగిరిపోయింది. ప్లాట్ చేతిలో మినీ-14 రైఫిల్ ఉంది. ఏజెంట్లలో ఎక్కువమంది దగ్గర రివాల్వర్లు, కొందరి దగ్గర 9 ఎం.ఎం. పిస్టళ్ళు, షాట్‌గన్లు.

ప్లాట్ కారు కిటికీలోంచి బయటికి దూకుతుండగా జెర్రీ డవ్ అనే ఏజెంట్ పేల్చిన 9 ఎం.ఎం. బుల్లెట్ అతని కుడి చేతిలోంచి దూసుకెళ్ళి, ఛాతీలోకి వెళ్ళి, ఊపిరితిత్తిని చీల్చి, గుండెకి ఇంచుమించు ఒక అంగుళం ముందు ఆగిపోయింది. ఆ గాయంతో మనిషి బతకడు. కానీ వెంటనే చావలేదు. రక్తం ఛాతీలో నిండుతుండగానే ప్లాట్ లేచి తిరిగాడు, కాల్చాడు, డవ్‌నీ గ్రోగన్‌నీ చంపాడు, మరికొందర్ని గాయపరిచాడు. చివరికి, ఎడమ చెయ్యి ముక్కలైపోయిన ఎడ్మండో మిరెలెస్ అనే ఏజెంట్ ఒంటి చేత్తో షాట్‌గన్ లోడ్ చేసుకుంటూ పేల్చి, ఆ తర్వాత రివాల్వర్‌తో దగ్గరికి నడిచి ఇద్దర్నీ ముగించాడు. మొత్తం అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, అయిదుగురు గాయపడ్డారు. ప్లాట్ ఒంటి మీద పన్నెండు గాయాలు. పోస్ట్‌మార్టంలో మత్తు మందుల జాడ కూడా లేదు.

ఇప్పుడు మీరే రూట్ కాజ్ రాయండి. రైఫిల్ ఉన్నవాళ్ళని పిస్టళ్ళతో ఎదుర్కోవడమా? పెద్ద ఆయుధాలున్న తోటి ఏజెంట్లు అక్కడికి చేరేలోపే కారు ఆపడమా? రైఫిల్‌ని ఆపే కవచాలు ఎవరికీ లేకపోవడమా? గుద్దుకునే ముందే తుపాకీ తీసి ఒళ్ళో పెట్టుకోవడమా? ఇవన్నీ కారణాలే. ఎఫ్‌బీఐ వీటి మీదా మార్పులు చేసింది, అది కాదనను. కానీ బయటి ప్రపంచంలో పేరు పడిపోయింది మాత్రం ఆ ఒక్క బుల్లెట్‌కి. ఒక అంగుళం! ఆ అంగుళానికి ఉన్న కథాబలం మిగతావాటికి లేదు. మీ టీములో ఎప్పుడైనా ప్రొడక్షన్ పడిపోతే చూడండి, పది కారణాలున్నా రిపోర్టులో పైకొచ్చేది బొమ్మ గీసి చూపించగలిగే కారణమే.

ఇంకో తమాషా ఏంటంటే ఆ బుల్లెట్ తన స్పెసిఫికేషన్ తప్పలేదు. అది 115 గ్రెయిన్ల సిల్వర్‌టిప్, త్వరగా విచ్చుకుని, తక్కువ లోతులో ఆగేలా చేసిన సరుకు. చెయ్యి అడ్డు రావచ్చు అన్న టెస్ట్ కేస్ ఎవరూ రాయలేదంతే.

ఆ టెస్ట్ కేస్ ఎఫ్‌బీఐ రాసింది. 1987లో గాయాల నిపుణుల్ని క్వాంటికోకి పిలిపించారు. 1989లో యూరీ పాట్రిక్ అనే ఏజెంట్ రాసిన రిపోర్టు వచ్చింది. నాకు నచ్చిన సాంకేతిక పత్రాల్లో అదొకటి, భాష అంత నేరుగా ఉంటుంది. మెదడు, వెన్నుపూస పైభాగం తప్పిస్తే చేతి తుపాకీ బుల్లెట్ ఎక్కడ తగిలినా మనిషి వెంటనే పడిపోతాడన్న గ్యారంటీ లేదు. గుండె ఛిద్రమైనా మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో పది, పదిహేను సెకన్లు మనిషి ఏమైనా చేయగలడు. పిస్టల్ బుల్లెట్ దెబ్బకి మనిషి ఎగిరి పడడం సినిమాల్లోనే. కాబట్టి కావలసింది లోతు. కనీసం 12 అంగుళాలు, 18 దాకా మంచిదే. దాన్ని కొలవడానికి పది శాతం జెలటిన్ దిమ్మ, దాని ముందు మందపాటి బట్టలు, రేకు, గోడ పలక, ప్లైవుడ్, కారు అద్దం. శవాల్ని ఊగించడం నుంచి ఇక్కడికి రావడానికి ఎనభై ఏళ్ళు పైనే పట్టింది.

ఇక్కడిదాకా బ్రహ్మాండం. మైగ్రేషన్ దగ్గరే తేడా కొట్టింది. లోతు కావాలంటే బుల్లెట్ బాగు చేయొచ్చు, లేదా తూటానే మార్చొచ్చు. ఎఫ్‌బీఐ తూటా మార్చింది. 10 ఎం.ఎం. ఆటో అని 1983లో వచ్చిన మహా బలమైన తూటా ఒకటుంది, దాన్ని ఎంచుకుంది. తీరా అది పూర్తి బలంతో పేలిస్తే చాలామంది ఏజెంట్ల చేతులు తట్టుకోలేకపోయాయి. సరే అని మందు తగ్గించారు. మందు తగ్గిస్తే గొట్టంలో సగం ఖాళీ. ఆ ఖాళీ చూసి స్మిత్ అండ్ వెస్సన్, వించెస్టర్ కంపెనీలు గొట్టాన్ని కోసి పొట్టి చేశాయి. 9 ఎం.ఎం. సైజు పిస్టల్‌లో పట్టేసింది. 1990 జనవరిలో .40 ఎస్ అండ్ డబ్ల్యు పుట్టింది అలా. (ఎస్ అండ్ డబ్ల్యు అంటే షార్ట్ అండ్ వీక్ అని 10 ఎం.ఎం. అభిమానులు ఇప్పటికీ ఏడిపిస్తుంటారు.) అమెరికా పోలీసు శాఖలు వరసపెట్టి దాని వెనకపడ్డాయి. 1997లో ఎఫ్‌బీఐ కూడా .40 గ్లాక్‌లకి మారింది.

జనంలోకి ఇది దిగడానికి మాత్రం చట్టం సాయం చేసింది. 1987లో ఫ్లోరిడా అర్హత ఉన్న ప్రతివాడికీ దాచుకుని తిరిగే లైసెన్సు ఇవ్వడం మొదలుపెట్టింది, ఒక్కో రాష్ట్రమూ అదే దారి పట్టింది, టెక్సస్ 1995లో చట్టం చేసింది. చిన్న పిస్టళ్ళకి గిరాకీ పెరిగింది. సరిగ్గా అప్పుడే, 1994లో, పది గుళ్ళకి మించి పట్టే కొత్త మ్యాగజైన్లు పౌరులకి అమ్మకూడదని ఫెడరల్ చట్టం వచ్చింది. 9 ఎం.ఎం.కి ఉన్న పెద్ద లాభమే ఎక్కువ గుళ్ళు పట్టడం. పది దాటకూడదన్నాక ఇంక ఆ లాభమెక్కడ? ఎలాగూ పదే కదా, లావుపాటివి పెట్టుకుందాం అన్నారు జనం. 1995లో గ్లాక్ ఒకే సైజులో రెండు బుల్లి పిస్టళ్ళు తెచ్చింది. 26 నంబరుది 9 ఎం.ఎం., పది గుళ్ళు. 27 నంబరుది .40, తొమ్మిది. ఒక్క గుండు తేడాకి పెద్ద క్యాలిబర్ వస్తుంటే ఎవరొద్దంటారు? ఆ చట్టం 2004లో గడువు తీరి పోయింది. అలవాటు ఇంకో పదేళ్ళు ఉండిపోయింది.

ఇంతలో బుల్లెట్లు మారాయి. ఎఫ్‌బీఐ జెలటిన్ పరీక్ష పాసయితేనే పోలీసులు కొంటారు, కాబట్టి ప్రతి కంపెనీ ఆ పరీక్షకే డిజైన్ చేయడం మొదలుపెట్టింది. పైన రాగి తొడుగు సీసం నుంచి ఊడకుండా అతికించారు. బట్టల పీచు ముక్కు లోపల ఇరుక్కున్నా విచ్చుకునేలా చేశారు. స్పీర్ గోల్డ్ డాట్, ఫెడరల్ హెచ్‌ఎస్‌టీ ఈ బాపతే. 9 ఎం.ఎం. మెల్లగా 12 అంగుళాల గీత దాటేసింది. .40, .45 కూడా బాగుపడ్డాయి, కానీ అవి ముందే పాసయ్యాయి కదా, వాటికి కొత్తగా వచ్చిన మార్కులేం లేవు.

2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం ఇంకో పత్రం రాసింది. 9 నుంచి .45 దాకా, మంచి బుల్లెట్ వాడితే, గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడదని. నిజం కాల్పుల్లో పోలీసుల గుళ్ళు 70 నుంచి 80 శాతం గురి తప్పుతాయని. చాలామంది 9 ఎం.ఎం.తో వేగంగానూ, సూటిగానూ కాలుస్తారని. 2016లో 9 ఎం.ఎం. గ్లాక్‌లకి కాంట్రాక్టు ఇచ్చారు. పోలీసు శాఖలు వదిలేసిన .40 పిస్టళ్ళు సెకండ్ హ్యాండ్ షాపుల్లో చవగ్గా కుప్పలు పడ్డాయి.

దీన్ని చూసి "అదిగో, 9 ఎం.ఎం.యే మొదట్నుంచీ కరెక్టు" అనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. 1986 నాటి 9 ఎం.ఎం. బుల్లెట్ నిజంగానే ఆ పనికి చాలలేదు. .40 కి మారడం ఆనాటికి పిచ్చిపనేం కాదు, పాచ్ వచ్చేదాకా వర్క్‌అరౌండ్ లాంటిది. నా బాధల్లా వర్క్‌అరౌండ్‌ని ఆర్కిటెక్చర్ అనుకుని పాతికేళ్ళు మోసినందుకు. మయామీ నుంచి ఇప్పటికీ పనికొస్తున్నది .40 కాదు, జెలటిన్ దిమ్మ. కోడ్ పారేశారు, టెస్ట్ సూట్ ఉంచుకున్నారు.

దాచుకునే పిస్టల్‌కి వచ్చేసరికి ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది. పోలీసు బెల్టు మీద ఉండే కిలో బరువు పిస్టల్‌లో .40 తన్నుడు భరించొచ్చు. అరకిలో పిస్టల్‌లో, మూడు వేళ్ళు కూడా సరిగ్గా పట్టని పిడిలో, అదే తన్నుడు రెండో గుండుని ఎక్కడికో పంపుతుంది. బ్యారెల్ పొట్టిదైతే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే బుల్లెట్ విచ్చుకోదు. .380 కి ఈ బెడద ఎక్కువ. విచ్చుకుంటే లోతుకి పోదు, లోతుకి పోతే విచ్చుకోదు, రెండూ ఒకేసారి కుదిరే బుల్లెట్లు తక్కువ. ఒకప్పుడు జేబులో పట్టేది .380 ఒక్కటే కాబట్టి సర్దుకునేవాళ్ళు. 2018లో సిగ్ పీ365 వచ్చి అరచేతిలో పట్టే పిస్టల్‌లో పది 9 ఎం.ఎం. గుళ్ళు కూర్చోబెట్టాక ఆ సర్దుబాటు కూడా చాలామందికి అక్కర్లేకపోయింది. చేతుల్లో బలం లేనివాళ్ళకి, కీళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి మాత్రం స్లైడ్ తేలిగ్గా లాగగలిగే .380 ఇప్పటికీ మేలే. గురి కుదిరిన .380, గురి తప్పిన .45 కన్నా నయం అని లగార్డ్ గారే ఒప్పుకునుండేవారు.

పోయిన నెల డాలస్ వెళ్ళినప్పుడు బావ రేంజ్‌కి తీసుకెళ్ళాడు. నేను అద్దం ఇవతల కూర్చున్నాను. ఆయన మూడు బుల్లి పిస్టళ్ళు అద్దెకి తీసుకుని తలా ఇరవై పేల్చాడు. .40 తో మొదటి గుండు మధ్యలో, మిగతావి కాగితం మీద ఊరేగింపు. 9 ఎం.ఎం.తో అన్నీ ఓ పళ్ళెం అంత చోటులో. .380 తో ఇంకాస్త దగ్గరగా. మూడు కాగితాలూ చుట్టి కారులో వెనక సీట్లో పడేసి, "ఆ రాత్రి నా చేతులు ఎంత వణికాయో తెలుసా, ఫోన్‌లో మూడంకెలు నొక్కడానికే మూడుసార్లు పట్టింది" అన్నాడు. నాకేం చెప్పాలో తోచలేదు.

ఇంటికొచ్చాక అక్క ఆ కాగితాలు చూసింది. క్యాలిబర్ గురించి నేను అరగంట చెప్పింది విని, "అవన్నీ సరేరా, పిల్లాడికి ఆరేళ్ళు, ముందు బీరువా సంగతి చెప్పు" అంది. వేలిముద్రతో తెరుచుకునే ఇనప పెట్టె ఆ రాత్రే ఆర్డరు చేశారు. పెట్టె వచ్చింది, గరాజ్ గోడకి బిగించారు. పిస్టల్ ఇంకా కొనలేదు. కొంటే 9 ఎం.ఎం.యే అంటున్నాడు బావ. గ్యాస్ స్టేషన్‌లో తన వాటా ఎవరైనా తీసుకుంటారేమోనని కూడా వాకబు చేస్తున్నాడు.